టగ్గు పాలకోరలు

మా ఇంట్లో పాలపళ్ళు తీసే పని ఎప్పుడూ నాదే. పోర్టు క్వార్టర్సులో గడిపిన పద్దెనిమిదేళ్ళలో మా ముగ్గురు పిల్లల పళ్ళూ నేనే తీశాను, ఒక్కటీ విరగలేదు. ఆదివారం ఉదయం, ఫలహారానికి ముందు, కదులుతున్న పంటికి దారం కట్టి, బిడ్డను హార్బరు ఛానలు వైపు కిటికీ దగ్గర నిలబెట్టి, "వచ్చే ఓడ మీద జెండా ఏ దేశానిదో చెప్పు" అనేవాణ్ణి. బిడ్డ జెండా వెతుక్కునే లోపల పన్ను నా చేతిలో ఉండేది. నా భార్య కనకరత్నం దాన్ని పేడముద్దలో పెట్టి, పెంకుల కప్పు మీదకు విసిరేది. పెంకుల మీద ఆ ముద్ద పడిన చప్పుడు, షిఫ్టు మారే సైరను, పెనం మీద పెసరట్టు వాసన. నా మటుకు నాకు ఆదివారమంటే ఈనాటికీ ఇవే.

ఆ అనుభవాన్ని నమ్ముకునే, డెబ్భై ఆరేళ్ళ వయసులో నేనొక తప్పు చేశాను. దాన్ని వరస తప్పకుండా చెబుతాను.

ఇప్పుడు మేము మహారాణిపేటలో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాం. బాల్కనీలో కుడి మూలకు ఒదిగి నిలబడితే రెండు భవనాల మధ్య నుంచి సముద్రం జానెడు కనిపిస్తుంది. ఆ జానెడులోనే ఓడలు వచ్చిపోతుంటాయి. ఇంట్లో మేమిద్దరమే, పిల్లలు గాజువాకలో ఒకరు, పరవాడలో ఒకరు, విజయనగరంలో ఒకరు. గాజువాకలో ఉన్న పెద్దమ్మాయి ఇంటి పక్కవాళ్ళ పొమరేనియన్ ఈనితే, కనకరత్నం వెళ్ళి తెల్లటి పిల్లనొకదాన్ని తువ్వాలులో చుట్టుకుని షేర్ ఆటోలో తెచ్చేసింది. నా అభ్యంతరాలు మూడు చెప్పాను. ఆవిడ మూడూ విని, పాలు కాచడానికి లోపలికి వెళ్ళింది.

మూడో రోజున ఆ కుక్కపిల్ల నా పంచె అంచు పట్టుకుని, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, వెనక్కి లాగడం మొదలుపెట్టింది. నేను రెండడుగులు వెనక్కి జరిగాను కూడా. అరచేతిలో పట్టేది మనిషిని లాగుతూ ఉంటే నాకు వెంటనే గుర్తొచ్చింది, కొండంత ఓడను ముక్కుతో పట్టి తిప్పే మా టగ్గు బోటు. అలా దానికి టగ్గు అని పేరు పెట్టింది నేనే. ఆ తరవాత నా అభ్యంతరాల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

దానికి ఆరు నెలలు దాటిన వారంలో కనకరత్నం దాని నోరు తెరిచి చూసి కేక వేసింది. ఆవిడది భీమిలి. యాభై ఏళ్ళుగా నేను ఎంత దిద్దినా ఆ మాటతీరు చెక్కు చెదరలేదు.

"ఏటండీ ఇది! దీనికి పైకోరలు నాలుగున్నాయి!"

నిజమే. ఒక్కో పక్కన కొత్త కోర, దాని వెనకాలే సూదిలా సన్నని పాలకోర, రెండూ ఒకే గూట్లో ఇద్దరు అద్దెదారుల్లా ఇరుక్కుని ఉన్నాయి. మధ్యలో అన్నం మెతుకులు. చిగురు ఎర్రబారింది, నోరు వాసన వేస్తోంది.

పశువుల డాక్టరు మధులతకు ముప్పై ఏళ్ళుంటాయేమో. గాజువాక పిల్ల. తూకం వేసి రెండు కిలోల నాలుగు వందల గ్రాములని రాసుకుంది.

"చిన్నజాతి కుక్కల్లో ఇది మామూలేనండి. దవడ చిన్నది, పళ్ళు ఎక్కువ. పాలకోర ఊడకుండానే పక్కన కొత్తది వచ్చీసింది. ఇలాగే వదిలేస్తే కొత్త కోర పక్కకి తిరిగిపోద్ది, చిగురు పాడైపోద్ది. మత్తిచ్చి పాలకోరలు రెండూ తీసెయ్యాలండి. మూడు వారాల్లోపు అయితే మంచిది."

"పాలపళ్ళు వాటంతట అవే ఊడతాయి," అన్నాను.

"ఊడతాయి సర్, ఆరో నెల లోపు. వీటికి ఆ టైము దాటిపోయింది." ఆమె తన చిటికెన వేలి గోరు చూపించింది. "పాలకోర మనకి పైకి కనిపించేది ఇంతేనండి. లోపల వేరు దీనికి రెండింతలు పొడుగుంటాది. సన్నం, పైగా వంపు. విరిగిందంటే వేరు లోపలే ఉండిపోద్ది, చీము పట్టుద్ది. అందుకే సర్, అది తీసేదాకా తాడుతో లాగులాట మాత్రం ఆడించకండి."

ఆ చివరి మాట నన్ను చూసే చెప్పింది. నేను విన్నాను. వినలేదని ఇప్పుడు చెప్పలేను.

ఇంటికి వస్తుంటే ఆటోలో కనకరత్నం దాన్ని గుండెకు అదుముకుని కూర్చుంది.

"మత్తిచ్చినాక లెగకపోతేనండీ?"

"లేస్తుంది."

"రెండున్నర కిలోలైనా సరిగ్గా నేదు. దీనికి మత్తేటి, సూదేటి."

"ఆ అవసరం రానివ్వను," అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి తల ఊపింది. నేను ఒక పని చేస్తానంటే జరుగుతుందని ఆవిడ నమ్మకం.

నజీర్ అహ్మద్ నుంచి తాడు తెప్పించింది ఆ నమ్మకం కోసమే. నజీర్ మా పోర్టు టగ్గును నడిపే సరంగుగా ఇరవై ఆరేళ్ళు పనిచేసినవాడు. నాది బెర్తింగ్ మాస్టరు ఉద్యోగం, అంటే వచ్చిన ఓడను జెట్టీకి చేర్చి కట్టించడం. వాకీటాకీలు రాకముందు నేను జెట్టీ మీద నిలబడి ఈల వేసేవాణ్ణి, అతను నీళ్ళ మీద నుంచి టగ్గు కూతతో జవాబిచ్చేవాడు. ఒక ఈల లాగమని, రెండు ఈలలు ఆపమని. మొదటి పదేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటల కన్నా ఈలలే ఎక్కువ. పొద్దుటి ఎండలో తడిసిన మనీలా నారతాళ్ళ వాసన, ఇనుప ఖనిజం ఎర్రధూళి, చొక్కా మెడ దగ్గర ఉప్పు, వీటిలో పెరిగిన స్నేహం మాది. ఆ తాళ్ళు ఇప్పుడు లేవు, అన్నీ నైలానువే. వాటికి వాసన లేదు.

నజీర్ గురువారం గురువారం కోటవీధి నుంచి మా ఇంటికి వస్తాడు. ఇక్కడి నుంచి నేరుగా నమాజుకు వెళతాడు కనక, కుక్క నాలుక బట్టలకు తగలకుండా రెండు కాళ్ళూ కుర్చీ మీదకు ముడుచుకుని కూర్చుంటాడు. అయినా దానితో మాట్లాడకుండా ఉండలేడు.

"క్యా బే టగ్గూ, ఇయ్యాల ఎవుల్ని లాగతన్నావ్?"

రెండు మూరల మనీలా తాడు ముక్క, చివర బంతిలా ముడి వేసి తెమ్మన్నాను. తెచ్చాడు. ఎందుకని అడగలేదు. మా ఉద్యోగాల్లో తాడడిగిన మనిషిని ఎందుకని అడగరు.

కనకరత్నం పూర్ణా మార్కెట్టుకు వెళ్ళిన సమయాలు చూసి నేను పని మొదలుపెట్టాను. పద్ధతిలో లోపం లేదని నా నమ్మకం. ఓడను లాగేటప్పుడు ముందు తాడులో వదులు తీయాలి, తరవాత మెల్లగా బరువు వేయాలి, ఎన్నడూ గుంజకూడదు. అలా రోజుకు పది నిమిషాలు లాగితే పాలకోర కదులుతుంది, కదిలింది ఊడుతుంది, మత్తు తప్పుతుంది. టగ్గు ముడిని పట్టుకుని గుర్రుగుర్రుమంటూ సంతోషంగా లాగేది. రెండు రోజులు బాగానే జరిగింది. ఎడమ కోర కొంచెం కదిలిందనిపించింది కూడా.

మూడో రోజు బయట ఎవరో టపాకాయలు కాల్చారు. తాడు నోట్లో ఉండగానే టగ్గు తల విదిలించింది. ఎండిన చింతగింజ కొరికినట్టు చిన్న చప్పుడు. ఒక్క కేక వేసి మంచం కిందకు దూరింది.

కోర ముడిలో గుచ్చుకుని ఉంది. తీసి వెలుతురులో చూశాను. లోపల బోలుగా, అడుగున పెచ్చు లేచి ఉంది. వేరు లేదు. డాక్టరు చెప్పింది చెప్పినట్టే జరిగింది.

అప్పుడు నేను చేసినవి ఇవి: తాడు కడిగాను. నేల మీద రెండు రక్తపు చుక్కలు తుడిచాను. ఆ కోర ముక్కను చెత్తబుట్టలో వేసి, పైన వాడేసిన టీపొడి కప్పాను. ఈ టీపొడి సంగతి చెప్పడం నాకు కష్టంగా ఉంది.

కనకరత్నం వచ్చి, సంచి దించి, టగ్గును మంచం కింద నుంచి లాగి నోరు చూసింది.

"ఒలమ్మా! ఊడిపోనాది! మీరు సెప్పినట్టే దానంతటదే ఊడిపోనాదండీ!"

నేను ఏమీ అనలేదు. అబద్ధమాడలేదు, ఆ రోజుల్లో ఈ మాట నాలో నేనే చాలాసార్లు అనుకున్నాను.

ఆవిడ పన్ను కోసం వెతకడం మొదలుపెట్టింది. "కుక్కపిల్లదైతేనేటి, పాలపన్ను పాలపన్నే. డాబా మీదకి ఇసరాల," అంటూ డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ సోఫా కింద, బీరువా కింద, ఫ్రిజ్జు కింద చూసింది. టార్చి పట్టుకున్నది నేనే.

దొరకలేదు. మింగేసి ఉంటుందని తేల్చుకుని, ముగ్గురు పిల్లలకూ ఫోను చేసింది. "మీ నాన్న ముందే సెప్పారు. డాక్టరు కాదన్నాది. ఇప్పుడు సూడు!" ఎదురింటావిడకు చెప్పింది. లిఫ్టులో కలిసినవాళ్ళకు చెప్పింది. ఎడమ కోర ఊడింది కనక కుడిదీ ఊడుతుందని పది రోజులు చూశాం. ఆ పది రోజులూ నేను పొగడ్తలు అందుకున్నాను. ఎడమ పక్క చిగురు కలిసిపోయింది. పైకి ఏమీ తెలియదు. టగ్గు మాత్రం గట్టివి కుడివైపే నమలసాగింది. పంచె అంచు పట్టుకోవడం మానేసింది. ఆ సంగతి కనిపెట్టింది నేనొక్కణ్ణే. ఆ అంచు నాది కనక.

తరవాతి గురువారం నజీర్ వచ్చాడు. కనకరత్నం కాఫీ ఇచ్చి, కథంతా చెప్పి లోపలికి వెళ్ళింది. నజీర్ బాల్కనీ గోడకు వేలాడుతున్న తాడు అందుకుని ముడి చూశాడు.

"సార్, ఇది కడిగేరా?"

"మురికిగా ఉంటే కడిగాను."

"మనీలా తాడు ఎవులు కడుగుతారు సార్?" గొంతు తగ్గించాడు. "నాను ఇరవయ్యారేళ్ళు తాళ్ళతోటే బతికాను. ఈ ముడిలో పోగులు తెగిపోనాయి. దేనికో గుచ్చుకుని తెగినట్టున్నాయి. ఊడిందా, ఇరిగిందా?"

నేను సముద్రం కనిపించే జానెడు వైపు చూశాను.

"ఇరిగినాదన్నమాట," అన్నాడు. "మరి బీబీకి సెప్పనేదేటి?"

"సందర్భం రాలేదు."

"ఎనభై ఆరులో గోధుమల ఓడ తాడు తెగిపోనాది గుర్తుందా సార్? వదులు తియ్యకముందే మీరు ఈల ఏసీసారు. అంత పెద్ద తాడు పాములా లెగిసి నా తల మీంచి ఎల్లిపోనాది. ఆ సాయంత్రం మీరే రిపోర్టు రాసీసారు, తప్పు నాదే అనీసి. నలభై ఏళ్ళ బట్టి ఆ కథ నాకు సెప్పతనే ఉన్నారు. తాడు ఎల్లింది నా తల మీంచైనా సరే, నాకే సెప్పతన్నారు!"

"అది డ్యూటీ."

"డ్యూటీ కాదు సార్. ఆ రోజు అక్కడ మీ ఆవిడ నేదు." కాళ్ళు దించి చెప్పులు వెతుక్కున్నాడు. "ఆఫీసరుకి తప్పు సెప్పడం సులువు. ఇంట్లో సెప్పాలంటే కలేజా కావాల."

అతను వెళ్ళాక తాడు మళ్ళీ గోడకు తగిలించాను. ఎనభై ఆరు నాటి ఆ సాయంత్రం నాకు స్పష్టంగా గుర్తుంది: ఆఫీసు గదిలో ఫ్యాను, నా చేతిరాత నిటారుగా సాగడం, సంతకం కింద గీత. ఆ కాగితం రాసిన మనిషి మీద నాకు ఈనాటికీ గౌరవముంది. అతని వయసు ముప్పై ఏడు.

కుడి కోర ఊడలేదు. డాక్టరు ఇచ్చిన మూడు వారాల గడువు ముగిసేనాటికి ఖాళీ కడుపుతో టగ్గును తీసుకెళ్ళాం. మధులత దాని పెదవి పైకెత్తి చూసింది.

"ఎడం వేపుది ఊడిపోయిందా! మొత్తం వచ్చిందా అండీ? పన్ను చూసారా?"

"కనపడనేదమ్మా," అంది కనకరత్నం. "మింగీసుంటాది. ఈయన ముందే సెప్పారు కదా."

డాక్టరు నన్ను చూసి నవ్వింది. "ఒక్కోసారి లేటుగా ఊడతాయి సర్. మంచిదే. ఒక్క కుడిదే కాబట్టి మత్తు కూడా తక్కువ సరిపోద్ది. పావుగంటలో అయిపోద్ది."

సూది వేశారు. టగ్గు కనకరత్నం చేతుల్లోనే మెత్తబడింది, నాలుక చివర బయటికి వచ్చింది. సహాయకురాలు దాన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది.

మేమిద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా పిల్లి బుట్టతో ఒకావిడ, పెద్ద లాబ్రడార్ గొలుసు పట్టుకున్న ఒకాయన. కనకరత్నం నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మీ మాట నిజమయినాది కాబట్టి సగం మత్తేనండి. నేపోతే దీని గతేటి?"

నాకు లోపలి లెక్క అంతా కనిపించింది. పావుగంటలో కుడి కోర తీసి, కుట్టు వేసి, దాన్ని లేపేస్తారు. ఎడమ చిగురులో వేరు అలాగే ఉంటుంది. ఈ నెలో వచ్చే నెలో చీము పట్టి బయటపడుతుంది. అప్పుడు ఇదే బల్ల మీద ఇంకోసారి పూర్తి మత్తు. ఆ రెండోసారి మత్తుకు కారణం పాలకోర కాదు, నేను.

లేచి వెళ్ళి తలుపు తట్టాను. సహాయకురాలు సందులోంచి చూసింది.

"డాక్టరుగారితో మాట్లాడాలి. ఇప్పుడే."

మధులత చేతి తొడుగులతోనే వచ్చింది. నేను నిటారుగా నిలబడ్డాను. మెల్లగా చెబుదామనే అనుకున్నాను, కాని నాకు అలవాటైన గొంతులోనే వచ్చింది. పిల్లి బుట్ట ఆవిడ తలెత్తింది.

"ఎడమ కోర ఊడలేదు. నేను విరిచాను. పన్నెండు రోజుల కిందట, ఉదయం పదిన్నర ప్రాంతంలో, మనీలా తాడుతో లాగులాట ఆడించాను. మీరు వద్దన్న తరవాతే ఆడించాను. పైముక్క మాత్రమే వచ్చింది. వేరు లోపల ఉంది. ముక్కను నేనే పారేశాను."

"లాగులాట వద్దన్నాను కదా సర్."

"అన్నారు."

"కుట్టేసాక చెప్తే రెండోసారి మత్తివ్వాల్సొచ్చేది." లోపలికి తిరిగింది. "అక్కా, మత్తు ఇంకొంచెం పెంచాల. ఎడం వేపు చిగురు కొయ్యాలి." తలుపు మూసుకుంది.

నా కుర్చీలోకి తిరిగి వచ్చాను. కనకరత్నం చెయ్యి ఇప్పుడు తన ఒళ్ళోనే ఉంది. గోడ గడియారం వైపు చూస్తూ మాట్లాడింది.

"ముక్క ఎక్కడ పారేసారు?"

"చెత్తబుట్టలో. టీపొడి కింద."

"టీపొడి కింద దాసీసారా?"

"అవును."

"నాను మోకాళ్ళ మీద పాకుతుంటే సూసారు."

"అవును."

"టార్చి కూడా మీరే పట్టారు."

"అవును."

"పిల్లలకి ఫోను సేసి నాను గొప్పలు సెప్పతంటే పక్కనే కూకున్నారు."

"అవును, రత్నం."

లాబ్రడార్ ఆయన తన ఫోనులో మరీ శ్రద్ధగా ఏదో చదువుకోవడం మొదలుపెట్టాడు. కనకరత్నం అంది: "యాభై ఏళ్ళలో మీరిన్ని అవున్లు ఎప్పుడూ అన్నేదు."

పావుగంట కాస్తా గంటయింది. ఆ గంటలో ఒకసారి ఆవిడ లేచి తలుపు దాకా వెళ్ళి, చెవి ఆనించి, తిరిగి వచ్చింది. నేను కూడా వెళ్ళాలనుకున్నాను గాని లేవలేకపోయాను. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఇలాగే కూర్చున్నాం, మా అత్తగారూ నేనూ. ఆనాడు జెట్టీలో ఓడ ఉందని చెప్పి నేను మధ్యలో లేచి వెళ్ళిపోయాను. ఈనాడు నాకు వెళ్ళడానికి ఏ ఓడా లేదు. అందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే.

తలుపు తెరుచుకుంది. మధులత చేతిలో చిన్న స్టీలు పళ్ళెం. అందులో రెండున్నాయి: ఒకటి కుడి పాలకోర, వేరుతో సహా, కొడవలిలా వంగి, నేననుకున్నదాని కన్నా చాలా పొడుగు, రెండోది ఎడమ వేరు, పైభాగం లేని మొండి.

"మొత్తం వచ్చీసింది. చీము ఇంకా పట్టలేదు, అదృష్టం. ఎడం కొత్త కోర కొంచెం ముందుకి తోసుకుపోయింది సర్. తిన్నగా వస్తాదో రాదో నెల పోతేగాని చెప్పలేను. నాలుగు కుట్లు పడ్డాయి. పది రోజులు మెత్తటి అన్నమే పెట్టండి."

"లెగిసిందా అమ్మా?" అంది కనకరత్నం.

"లేస్తోందండి. పిలవండి."

ఆవిడ వెళ్ళి పిలిచింది. తువ్వాలు మీద పడుకున్న టగ్గు కళ్ళు సగం తెరిచి, తల ఎత్తబోయి, వాలిపోయి, మళ్ళీ ఎత్తింది. కనకరత్నం ఏడ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి రమ్మని ఆవిడ అనలేదు. కొంతసేపటికి వెనక్కి చూడకుండానే, "అలా నిలబడ్డమేటి, ఆ సంచి పట్టుకోండి," అంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమయింది. టగ్గును చాప మీద పడుకోబెట్టి, అన్నం మెత్తగా పిసికి పెరుగు కలుపుతుండగా ఫోను మోగింది. గాజువాక నుంచి పెద్దమ్మాయి. కనకరత్నం ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అన్నం పిసుకుతూనే చెప్పింది.

"లెగిసింది, బాగానే ఉన్నాది... రెండూ తీసారే. రెండు! ... అదే కదా, ఊడనేదే తల్లీ. మీ నాన్న తాడేసి పీకీసారు. ఏదో పొరపాటున, ఆడతా ఉంటే..."

నేను పక్క గదిలోంచి వచ్చాను.

"పొరపాటున కాదు. తెలిసి చేశాను. డాక్టరు వద్దన్న తరవాత చేశాను. పీకలేదు, విరిచాను. తరవాత దాచాను."

కనకరత్నం పిసకడం ఆపి నన్ను చూసింది. నాకు తప్పించుకునే వీలు దొరకాలని ఆవిడ ఒక మాట మెత్తగా మార్చింది. నేను దాన్ని వద్దన్నాను. ఆవిడ పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో కాదో నేను నిర్ధారించలేను.

"ఇదిగో, మీ నాన్నే సెప్తారంట. ఇనుకో," అని ఫోను నా చేతికి ఇచ్చి, అన్నం గిన్నె తీసుకుని చాప దగ్గరకు వెళ్ళింది.

అవతల అమ్మాయి నవ్వు అప్పుడే మొదలయింది. దాన్ని పూర్తి కానిచ్చి, మొదటి నుంచి చెప్పడం ప్రారంభించాను.